కుక్కకు ఫ్లూ యాంటీబాడీల రక్తపరీక్ష ఎలా చేయించాలి, ఫలితాన్ని ఎలా చదవాలి

మా కుక్క దగ్గుతోంది, ఇది ఫ్లూ అవునో కాదో రక్తపరీక్షతో తేలుతుందా అన్న ప్రశ్న అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల నుంచి నాకు ఏడాది పొడవునా వస్తూనే ఉంటుంది. వేసవి సెలవుల్లో ఊరికి వెళ్తూ కుక్కను నెలరోజులు బోర్డింగ్‌లో వదిలి, తిరిగి వచ్చి చూసేసరికి అది దగ్గుతూ, ముక్కు కారుతూ కనిపించినవారే వీరిలో ఎక్కువ. ఇదే ప్రశ్నను ఇక్కడి క్లినిక్కులలో కొత్తగా చేరిన మన పశువైద్యులు మరో రకంగా అడుగుతారు: రక్తం ఎప్పుడు తీయాలి, ఏ గొట్టంలో తీయాలి, రిపోర్టులో వచ్చిన టైటర్‌కు, అంటే వైరస్‌తో పోరాడటానికి శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలు రక్తంలో ఎంత ఉన్నాయో తెలిపే అంకెకు, అర్థమేమిటి? ఇద్దరికీ కావలసింది ఒకే విషయం కాబట్టి మొదటి నుంచి చివరి వరకు వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

ముఖ్యమైన మాట ముందే చెప్పాలి. ఒక్కసారి తీసిన రక్తం చాలా సందర్భాల్లో ఏమీ తేల్చదు. జబ్బు మొదలైన వారంలోపు ఒక నమూనా, ఆ తర్వాత రెండు మూడు వారాలకు మరొక నమూనా తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి పరీక్షించినప్పుడే ఈ దగ్గుకు ఫ్లూ కారణమా అన్న ప్రశ్నకు గట్టి జవాబు దొరుకుతుంది. ఈ పరీక్షలో జరిగే పొరపాట్లలో అధికభాగం ప్రయోగశాలలో జరిగేవి కావు. తేదీల విషయంలో జరిగేవే.

తెలిసి ఉండవలసిన నేపథ్యం కొద్దిగా మాత్రమే. కుక్కల్లో ఫ్లూ కలిగించే వైరస్‌లు ప్రధానంగా రెండు. హెచ్3ఎన్8 గుర్రాల నుంచి కుక్కలకు వచ్చింది. దానిని 2004లో ఫ్లోరిడాలోని పందెపు గ్రేహౌండ్ కుక్కల్లో గుర్తించారు. హెచ్3ఎన్2 పక్షుల నుంచి వచ్చింది. అంతకుముందే దక్షిణ కొరియా, చైనా దేశాల్లోని కుక్కల్లో కనిపించిన ఈ వైరస్ 2015లో షికాగో ప్రాంతంలో పెద్ద ఎత్తున వ్యాపించింది. ఇటీవలి సంవత్సరాల్లో అమెరికాలో బయటపడిన వ్యాప్తులు ప్రధానంగా రెండోదానివే. ఇంట్లో పిల్లలకు అంటుకుంటుందా అని తల్లులు తప్పక అడుగుతారు. ఈ రెండు కుక్క ఫ్లూ వైరస్‌లు మనుషులకు సోకినట్లు నిర్ధారించిన కేసు ఇంతవరకు లేదు. పిల్లులకు మాత్రం హెచ్3ఎన్2 సోకుతుంది కాబట్టి ఇంట్లో పిల్లి ఉంటే దానిని వేరే గదిలో ఉంచండి.

అసలు మీకు కావలసింది ఈ పరీక్షేనా?

దగ్గు మొదలై ఇంకా మూడు నాలుగు రోజులే అయితే మీరు ముందుగా అడగవలసింది రక్తపరీక్ష కాదు. ముక్కు, గొంతులను దూదిపుల్లతో తుడిచి (దీన్నే స్వాబ్ అంటారు), అందులో వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష. వైరస్ ఎక్కువగా బయటికి వచ్చేది ఆ తొలి రోజుల్లోనే. యాంటీబాడీలు రక్తంలో కనిపించడానికి లక్షణాలు మొదలైనప్పటి నుంచి సుమారు ఏడు రోజులు పడుతుంది. అంటే ఒక పరీక్షకు సమయం దాటిపోయే వేళకు రెండోదానికి సమయం వస్తుంది. స్వాబ్ తీసే రోజునే మొదటి రక్తనమూనా కూడా తీసి దాచమని నేను చెబుతాను. స్వాబ్‌లో వైరస్ దొరికితే ఆ రక్తంతో పని ఉండదు, దొరకకపోతే అదే మీకు ఆధారం.

స్వాబ్ తీయవలసిన రోజులు దాటిపోయినప్పుడు, స్వాబ్‌లో ఏమీ దొరకకపోయినా అనుమానం వదలనప్పుడు, ఒకే బోర్డింగ్‌లోనో షెల్టర్‌లోనో అనేక కుక్కలు ఒకేసారి దగ్గుతున్నప్పుడు, టీకా వేయని కుక్కకు ఇంతకుముందు ఈ వైరస్ తగిలిందో లేదో తెలుసుకోదలచినప్పుడు యాంటీబాడీల పరీక్ష ఉపయోగపడుతుంది. ఈ రోజు ఏ మందు వాడాలో అది చెప్పదు. కుక్కను ఇతర కుక్కలతో ఎప్పుడు కలపవచ్చో కూడా చెప్పదు. కుక్క వేగంగా, కష్టంగా ఊపిరి తీస్తున్నా, తిండి పూర్తిగా మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, నీలంగా మారినా ఇక్కడ రాసినవన్నీ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కావలసినవి

కుక్కను పెంచేవారి దగ్గర ఉండవలసినవి: దగ్గు మొదలైన తేదీ, గత నెలరోజుల్లో కుక్క వెళ్లిన చోట్లు, వాటి తేదీలు, టీకాల పుస్తకం.

క్లినిక్‌లో ఉండవలసినవి: సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేరే ద్రవం) కోసం వాడే ఎర్రమూత గొట్టం, లేదా లోపల జెల్ ఉన్న సీరం గొట్టం, 3 మి.లీ. సిరంజి, కుక్క పరిమాణానికి తగిన సూది, సెంట్రిఫ్యూజ్, సీరం దాచడానికి మూత బిగుతుగా పట్టే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు నాలుగు, నీటికి చెరగని పెన్ను, ఐస్ ప్యాకులు, ప్రయోగశాల దరఖాస్తు పత్రం. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి ఉన్న జంతు ఆరోగ్య నిర్ధారణ కేంద్రం వంటి ప్రయోగశాలలు ఈ పరీక్ష చేస్తాయి. సాధారణంగా నమూనా పంపవలసింది పశువైద్యుడే కాబట్టి మీ డాక్టరు ద్వారానే ముందుకు వెళ్లండి.

1. ముందుగా తేదీలు, టీకాలు రాసి పెట్టండి

ఒక కాగితం తీసుకుని దగ్గు మొదలైన రోజును మొదటి రోజుగా గుర్తించండి. "ఓ పది రోజులుగా దగ్గుతోందండీ" అన్న మాటతో పని జరగదు. బోర్డింగ్ వారు పంపిన ఫోటోలు, వీడియోలు, మెసేజీలు తిరగేస్తే సరైన తేదీ చాలాసార్లు దొరుకుతుంది. వైరస్ సోకిన సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల్లో లక్షణాలు కనిపిస్తాయి కాబట్టి, ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కిస్తే కుక్క ఎక్కడ ఉన్నప్పుడు సోకిందో కూడా అంచనాకు వస్తుంది.

తరువాత టీకాల పుస్తకం తెరవండి. ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక చెప్పాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో కుక్కపిల్లకు టీకాలు వేయించి వెంట తెచ్చుకున్నవారి పుస్తకంలో "డీహెచ్‌పీపీఐ" అని ఉంటుంది. ఆ చివరి పీఐ అంటే పారాఇన్‌ఫ్లుయెంజా. పేరులో పోలిక ఉన్నా అది ఇన్‌ఫ్లుయెంజా కాదు, పూర్తిగా వేరే కుటుంబానికి చెందిన వైరస్. ఆ టీకా వల్ల ఈ పరీక్షలో యాంటీబాడీలు కనిపించవు, ఈ ఫ్లూ నుంచి రక్షణ కూడా రాదు. దరఖాస్తులో "ఫ్లూ టీకా వేశాం" అని పొరపాటున రాస్తే, నిజమైన ఇన్‌ఫెక్షన్‌ను సూచించే టైటర్‌ను చూసి కూడా అది టీకావల్ల వచ్చిందని కొట్టిపారేసే ప్రమాదం ఉంది.

అసలైన కుక్క ఫ్లూ టీకా పేరులో హెచ్3ఎన్8 అనో, హెచ్3ఎన్2 అనో, రెండూ కలిపో ఉంటుంది. అమెరికాలో మొదటిది 2009లో, రెండోది 2015లో అందుబాటులోకి వచ్చాయి. బోర్డింగ్‌లో చేర్చేటప్పుడు అక్కడి నియమం ప్రకారం ఈ టీకా వేయించి, ఆ సంగతి మరచిపోయినవారు చాలామంది ఉంటారు. గుర్తు లేకపోతే టీకా వేసిన క్లినిక్‌కు ఫోను చేసి అడగండి, ఊహించి రాయవద్దు.

2. మొదటి నమూనాను వారంలోపు తీయించండి

దగ్గు మొదలైన రోజు నుంచి ఏడు రోజులలోపు, వీలైతే మొదటి మూడు నాలుగు రోజుల్లోనే మొదటి రక్తం తీయాలి. యాంటీబాడీలు ఇంకా పెరగని స్థితిని పట్టుకోవడమే దీని ఉద్దేశం. పదో రోజున తీస్తే అప్పటికే టైటర్ పైకి వెళ్లి ఉండవచ్చు. అప్పుడు రెండో నమూనాలో పెరుగుదల కనిపించక, ఫ్లూ వచ్చిన కుక్కకే ఫ్లూ రాలేదని చెప్పవలసిన పరిస్థితి వస్తుంది.

క్లినిక్‌కు వెళ్లేముందు ఫోను చేసి, దగ్గుతున్న కుక్కను తెస్తున్నామని చెప్పండి. వెయిటింగ్ గదిలోకి తీసుకెళ్లవద్దు. కారులోనే ఉంచి, అక్కడికే వచ్చి రక్తం తీయమని అడగండి. ఈ వైరస్ గచ్చు, బల్లల వంటి ఉపరితలాలపై 48 గంటల వరకు, బట్టలపై 24 గంటల వరకు, చేతులపై 12 గంటల వరకు బతికి ఉండగలదు. మీ కుక్కకు పరీక్ష చేయించబోయి పక్క కుక్కకు జబ్బు అంటించకూడదు.

3. రక్తం తీయడం

పెద్ద కుక్కకు మెడలోని సిరను గానీ ముందుకాలి సిరను గానీ వాడవచ్చు. 2 నుంచి 3 మి.లీ. రక్తం సరిపోతుంది, దాని నుంచి సుమారు 1 మి.లీ. సీరం వస్తుంది. చిన్న జాతి కుక్కలకు అర మి.లీ. సీరం వచ్చినా పరీక్షకు చాలును. సన్న సూదితో గట్టిగా లాగితే రక్తకణాలు పగులుతాయి కాబట్టి సిరంజి పిడిని నెమ్మదిగా లాగండి. గొట్టంలోకి పోసేటప్పుడు సూది తీసివేసి, రక్తాన్ని గోడ వెంబడి జారనివ్వండి.

ఊదామూత గొట్టంలో మాత్రం తీయవద్దు. అందులో ఉండే ఈడీటీఏ రక్తం గడ్డకట్టకుండా కాల్షియంను పట్టేసుకుంటుంది. ప్రయోగశాలలో సీరంను శుద్ధి చేయడానికి వాడే ఎంజైమ్ పనిచేయడానికి ఆ కాల్షియమే కావాలి. ఇతర పరీక్షలకు తీసిన ఊదామూత గొట్టంలో మిగిలింది ఉంది కదా, అదే పంపుదామన్న ఆలోచన చాలా క్లినిక్కులలో వస్తుంది. అలా పంపకండి.

4. సీరంను వేరుచేయడం

గొట్టాన్ని నిలువుగా పెట్టి, గది ఉష్ణోగ్రత వద్ద 30 నుంచి 60 నిమిషాలు కదపకుండా వదిలేయండి. గడ్డ పూర్తిగా కట్టిన తరువాత 1,500 జి వద్ద 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన సీరంను పైపెట్‌తో తీసి, రెండు చిన్న గొట్టాలలోకి సమానంగా పంచండి. జెల్ గొట్టం వాడినా సీరంను వేరే గొట్టంలోకి మార్చడమే మంచిది. రక్తాన్ని గడ్డతో సహా ఫ్రీజర్‌లో పెట్టకూడదు. పెడితే కణాలన్నీ పగిలి నమూనా పాడవుతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి. మంచి సీరం లేత ఎండుగడ్డి రంగులో, అవతల పట్టుకున్న అక్షరాలు చదవగలిగేంత తేటగా ఉంటుంది. గులాబీరంగు తిరిగితే కొన్ని కణాలు పగిలాయని అర్థం. దానిమ్మరసంలా ఎర్రగా ఉంటే పంపకుండా మళ్లీ రక్తం తీయండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే కుక్క అప్పుడే తిని వచ్చిందన్నమాట. తినగలిగే స్థితిలో ఉన్న పెద్ద కుక్కను కొన్ని గంటలు పస్తుంచి మళ్లీ తీయవచ్చు గానీ, అసలే తిండి తగ్గిన కుక్కను, చిన్నపిల్లను దీనికోసం మాడ్చకండి.

5. పేరు రాయడం, దాచడం, పంపడం

ప్రతి గొట్టంపై కుక్క పేరు, యజమాని ఇంటిపేరు, తీసిన తేదీ, "మొదటిది" లేదా "రెండవది" అన్న మాట రాయండి. గొట్టం మూతపై రాయవద్దు, మూతలు మారిపోతాయి. కొద్దిరోజుల్లో పంపేదైతే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో, రెండో నమూనా వచ్చేదాకా ఉంచేదైతే సున్నాకు 20 డిగ్రీల దిగువన ఫ్రీజర్‌లో పెట్టండి. తనంతట తాను మంచు కరిగించుకునే ఇంటి ఫ్రీజర్ దీనికి పనికిరాదు. గడ్డకట్టడం, కరగడం పదేపదే జరిగితే యాంటీబాడీలు దెబ్బతింటాయి. రెండు గొట్టాలుగా పంచమన్నది కూడా ఇందుకే, ఒకటి కరిగించినా మరొకటి అలాగే ఉంటుంది.

పార్సిల్ సోమవారం నుంచి బుధవారం లోపు బయలుదేరాలి. శుక్రవారం పంపినది వారాంతమంతా ఏదో గిడ్డంగిలో ఎండకు కూర్చుంటుంది. గొట్టం, కారకుండా బిగించిన సంచి, గట్టి పెట్టె అని మూడు పొరలుగా కట్టి, లోపల జీవనమూనా ఉందని తెలిపే యూఎన్3373 గుర్తు అంటించండి.

6. రెండో నమూనా, దాని తేదీ

మొదటి నమూనా తీసిన తరువాత 14 నుంచి 21 రోజుల మధ్య రెండోది తీయాలి. అన్ని మెట్లలోకీ తప్పిపోయేది ఇదే. కారణం చాలా మామూలుది: అప్పటికి కుక్క కోలుకుని హాయిగా ఆడుకుంటూ ఉంటుంది, మళ్లీ సూది ఎందుకని ఇంట్లోవారికి అనిపిస్తుంది. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక కుటుంబానికి "రెండు మూడు వారాల్లో రండి" అని నోటిమాటగా చెప్పి వదిలేశాను. వారు రెండు నెలలకు వచ్చారు. టైటర్ ఎక్కువగానే ఉంది గానీ, ఈ రెండు నెలల్లో ఆ కుక్క మరో రెండుసార్లు బోర్డింగ్‌లో ఉండి వచ్చింది కాబట్టి ఏ దగ్గుకు ఆ టైటర్ వచ్చిందో చెప్పలేకపోయాను. ఆనాటి నుంచి మొదటి రక్తం తీసిన రోజే రెండోదానికి అపాయింట్‌మెంట్ రాసిచ్చి గానీ పంపను. మీ డాక్టరు ఇవ్వకపోతే మీరే అడిగి తీసుకోండి.

హెచ్3ఎన్2 సోకిన కుక్క నుంచి మూడు వారాల వరకు వైరస్ బయటికి రావచ్చు, అందుకే 21 రోజులు విడిగా ఉంచమంటారు. రెండో నమూనా తేదీ ఆ గడువులోపే పడవచ్చు. కుక్క చూడటానికి ఆరోగ్యంగా ఉన్నా, ఈసారి కూడా కారులోనే తీయించండి.

ఈ రెండు నమూనాల మధ్యకాలంలో ఫ్లూ టీకా వేయించకూడదు. వేయిస్తే వచ్చే పెరుగుదల టీకాదో జబ్బుదో ఈ పరీక్ష విడదీయలేదు.

7. ప్రయోగశాలలో జరిగేది

కుక్కను పెంచేవారు ఈ మెట్టును దాటవేయవచ్చు. పరీక్షను స్వయంగా చేసే మిత్రులు మాత్రం నిదానంగా చదవండి.

పరీక్ష పేరు హిమాగ్లుటినేషన్ ఇన్‌హిబిషన్, క్లుప్తంగా హెచ్‌ఐ. తిరుపతిలోనో రాజేంద్రనగర్‌లోనో పశువైద్యం చదువుకున్నవారికి ఇది కొత్త కాదు. కోళ్లలో కొక్కెర తెగులుకు చేసే హెచ్‌ఐ పద్ధతే ఇది. అయితే ఆ అలవాటే ఇక్కడ ఒక పొరపాటుకు దారితీస్తుంది. కోడి సీరంను సాధారణంగా నేరుగా వాడతాం. కుక్క సీరంలో మాత్రం యాంటీబాడీలు కాకపోయినా వైరస్‌ను పట్టుకుని, యాంటీబాడీల్లా కనిపించే పదార్థాలు ఉంటాయి. వాటిని ముందుగా తొలగించకపోతే అసలు ఫ్లూ సోకని కుక్కకు కూడా టైటర్ వస్తుంది.

అందుకు 50 మైక్రోలీటర్ల సీరంకు 150 మైక్రోలీటర్ల ఆర్‌డీఈ ఎంజైమ్ కలిపి 37 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచండి. మరుసటి రోజు 56 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేసి ఎంజైమ్‌ను నిర్వీర్యం చేయండి. ఆపై 300 మైక్రోలీటర్ల సెలైన్ కలిపితే మొత్తం 500 అయి, పదింట ఒక వంతు పలుచన సిద్ధమవుతుంది. టైటర్ల లెక్క 10 నుంచి మొదలయ్యేది ఇందువల్లే.

వి ఆకారపు అడుగున్న ప్లేటులో మొదటి గుంటలో తప్ప మిగతా వాటిలో 25 మైక్రోలీటర్ల సెలైన్ వేసి, మొదటి గుంటలో 50 మైక్రోలీటర్ల శుద్ధి చేసిన సీరం పోసి, అక్కడి నుంచి 25 చొప్పున ఒక్కో గుంటకు మారుస్తూ 10, 20, 40, 80 అని రెట్టింపు పలుచనలు చేయండి. చివరి గుంటలో మిగిలే 25ను పారవేయండి. ప్రతి గుంటలో నాలుగు హెచ్ఏ యూనిట్ల వైరస్ యాంటిజెన్ ఉన్న 25 మైక్రోలీటర్లు కలిపి, గది ఉష్ణోగ్రత వద్ద అరగంట ఉంచండి. తరువాత 0.5 శాతం కోడి లేదా టర్కీకోడి ఎర్ర రక్తకణాలు 50 మైక్రోలీటర్లు కలిపి మరో అరగంట కదపకుండా ఉంచండి. హెచ్3ఎన్8, హెచ్3ఎన్2 యాంటిజెన్లకు వేరువేరు వరుసలు పెట్టాలి. ఒకదానితోనే చేస్తే రెండోది తప్పిపోతుంది.

ఇప్పుడు చదవడం. ప్లేటును పక్కకు ఏటవాలుగా ఎత్తి వెలుతురులో చూడండి. యాంటీబాడీలు ఉన్న గుంటలో వైరస్ కట్టుబడిపోయి, కణాలు అడుగుకు చేరి చిన్న ఎర్రటి గుండీలా కూర్చుంటాయి. ప్లేటును వంచగానే ఆ గుండీ కన్నీటిచుక్కలా సన్నగా కిందికి సాగుతుంది. యాంటీబాడీలు లేని గుంటలో వైరస్ కణాలను ఒకదానితో ఒకటి అతికించి వలలా పరచి ఉంచుతుంది కాబట్టి ఎంత వంచినా జారదు. కొత్తవారు దీన్ని తిరగేసి చదువుతారు. గుండీ కట్టి జారితే యాంటీబాడీలు ఉన్నట్టు, జారకపోతే లేనట్టు. పూర్తిగా జారిన చివరి గుంట పలుచనే ఆ కుక్క టైటర్. సగం జారి సగం ఆగిన గుంటను లెక్కలోకి తీసుకోవద్దు.

ఆ ప్లేటును నమ్మవచ్చో లేదో తేల్చుకోవడానికి ఐదు నియంత్రణలు చూడాలి. కణాలు మాత్రమే వేసిన గుంట చక్కగా జారాలి. సీరం, కణాలు ఉండి వైరస్ లేని గుంట కూడా జారాలి. జారలేదంటే ఆ సీరమే కణాలను అతికిస్తోంది, దానిని కోడి కణాలతో 4 డిగ్రీల వద్ద గంటసేపు కలిపి ఉంచి, కణాలను తీసివేసి మళ్లీ పెట్టాలి. యాంటీబాడీలు ఉన్నాయని తెలిసిన సీరం తన పాత టైటర్‌కు ఒక గుంట తేడాలోపే రావాలి. లేవని తెలిసిన సీరం 10 కంటే తక్కువే చూపాలి. యాంటిజెన్‌ను తిరిగి పలుచన చేసి చూసినప్పుడు నాలుగు, రెండు, ఒకటి యూనిట్ల గుంటలు అతుక్కుని, అర యూనిట్ గుంట జారాలి. వైరస్ ఎక్కువైతే అన్ని టైటర్లూ అబద్ధంగా తగ్గుతాయి, తక్కువైతే అబద్ధంగా పెరుగుతాయి. ఈ ఐదింటిలో ఏది తప్పినా ఆ రోజు రిపోర్టు రాయవద్దు.

8. రిపోర్టును చదవడం

మొదట ఒక మాట చూసుకోండి: రెండు నమూనాలనూ ఒకే రోజు, ఒకే ప్లేటులో పరీక్షించారా? ఈ పరీక్షలో రోజుకూ రోజుకూ మధ్య ఒక గుంట తేడా, అంటే అంకె రెట్టింపో సగమో కావడం, మామూలుగానే వస్తుంది. మొదటిదాన్ని ఈ నెలలో, రెండోదాన్ని వచ్చే నెలలో విడివిడిగా చేస్తే ఆ తేడా కుక్కదో ప్లేటుదో తెలియదు. అందుకే మొదటి సీరంను దాచి, రెండూ కలిపి చేయమని దరఖాస్తులో స్పష్టంగా రాయాలి.

ఇక అంకెలు. నాలుగు రెట్లు, అంటే రెండు గుంటలు పెరిగితేనే దాన్ని పెరుగుదలగా తీసుకోవాలి.

మొదటిది 10 కంటే తక్కువ, రెండోది 160 అయితే ఇటీవలే ఫ్లూ సోకిందని ధైర్యంగా చెప్పవచ్చు. 40 నుంచి 160కి వెళ్లినా అంతే. 40 నుంచి 80కి వెళితే అది పెరుగుదల కాదు, పరీక్షలో సహజంగా ఉండే ఊగిసలాట మాత్రమే. 10 కంటే తక్కువ నుంచి 20కి వస్తే నేను ఏ వైపూ మొగ్గను, రెండు సీరంలనూ మళ్లీ పెట్టమంటాను.

రెండుసార్లూ 10 కంటే తక్కువే వచ్చి, రెండో నమూనా దగ్గు మొదలైన 14 రోజుల తరువాతే తీసినదైతే ఈ రెండు ఫ్లూ వైరస్‌లను దాదాపు పక్కన పెట్టవచ్చు. అప్పుడు డాక్టరు దగ్గు తెచ్చే ఇతర క్రిముల వైపు, అంటే బోర్డెటెల్లా, మైకోప్లాస్మా, పారాఇన్‌ఫ్లుయెంజా, టీకాలు సరిగా పడని కుక్క అయితే డిస్టెంపర్ వైపు చూడాలి. మనుషుల ఫ్లూ అరుదుగా కుక్కకు సోకిన సందర్భాలు ఉన్నాయి, వాటిని ఈ పరీక్ష పట్టుకోలేదు.

రెండుసార్లూ 80 లాగా ఒకే అంకె వచ్చిందనుకోండి. కుటుంబాలను ఎక్కువగా తికమకపెట్టేది ఇదే. కుక్కకు ఎప్పుడో వైరస్ తగిలిందనో, టీకా పడిందనో, లేదా మొదటి నమూనానే ఆలస్యంగా తీశారనో మాత్రమే దాని అర్థం. ఈ దగ్గుకు ఫ్లూ కారణమనీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. 1వ మెట్టులో రాసుకున్న తేదీలు అక్కరకు వచ్చేది ఇప్పుడే. తల్లి పాల నుంచి యాంటీబాడీలు పొందిన చిన్నపిల్లల్లో కూడా ఇలాంటి అంకెలు కనిపించి, వయసుతో పాటు తగ్గిపోతాయి.

హెచ్3ఎన్8, హెచ్3ఎన్2 రెండింటికీ టైటర్ పెరిగితే రెండు వైరస్‌లూ సోకాయని కంగారుపడవద్దు. ఇవి దగ్గరి బంధువులే కాబట్టి ఒకదాని యాంటీబాడీలు రెండోదానికి కొంత స్పందిస్తాయి. ఎక్కువ పెరుగుదల ఎటువైపు ఉందో చూడండి. రెండూ సమానంగా ఉంటే రెండు వైరస్‌లకు కలిపి వేసే టీకా పడిందేమో మరోసారి విచారించండి.

తరచుగా జరిగే మరికొన్ని పొరపాట్లు

టైటర్ అన్న మాట వినగానే చాలామంది రేబిస్ టైటర్‌తో పోల్చుకుంటారు. కుక్కను ఒక దేశం నుంచి మరో దేశానికి తీసుకెళ్లేటప్పుడు అడిగే రేబిస్ పరీక్షలో మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు దాటితే చాలునని వారికి గుర్తుంటుంది. అది వేరే పరీక్ష, వేరే కొలత. ఫ్లూ యాంటీబాడీల పరీక్షలో అలాంటి ఉత్తీర్ణతా గీత లేదు. అలాగే, టైటర్ 320 ఉంది కాబట్టి ఇక ఫ్లూ రాదని ఈ రిపోర్టును చూసి బోర్డింగ్‌లో చేర్చకండి. యాంటీబాడీలు ఉన్నాయని మాత్రమే ఆ అంకె చెబుతుంది.

పెద్ద అంకె అంటే తీవ్రమైన జబ్బు అనుకోవడం మరో పొరపాటు. 640 వచ్చిన కుక్క రెండు రోజులు దగ్గి మామూలైపోవచ్చు, 80 వచ్చిన కుక్క న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉండవచ్చు.

ఇంట్లో రెండు కుక్కలు ఉంటే ఒకదాని మొదటి నమూనాను, మరొకదాని రెండో నమూనాను జతగా లెక్కించడం కూడా నేను చూశాను. జత ఎప్పుడూ ఒకే కుక్కది కావాలి. దగ్గని కుక్క రక్తం కూడా తీయదలిస్తే దానికి విడిగా రెండు నమూనాలు తీయించండి. లక్షణాలు లేకుండానే వైరస్ సోకిన కుక్కలు ఉంటాయి కాబట్టి ఆ ఖర్చు వృథా కాదు.

9. రెండో నమూనా తీసిన తరువాత

ఫలితం ఏదైనా, కుక్క పూర్తిగా కోలుకున్నాక ఫ్లూ టీకా గురించి డాక్టరుతో మాట్లాడండి. మొదటి డోసు వేసిన రెండు నుంచి నాలుగు వారాలకు రెండో డోసు, ఆపై ఏడాదికోసారి వేయాలి. మొదటి డోసుతోనే రక్షణ వచ్చేసినట్టు కాదు కాబట్టి, ఊరికి వెళ్లే తేదీకి కనీసం ఆరు వారాల ముందే మొదలుపెట్టండి. టీకా పేరు, తేదీ, ఇంతకుముందు వచ్చిన రెండు టైటర్లు ఒకే కాగితంపై రాసి ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. టీకా పడిన కుక్కలో యాంటీబాడీలు ఎలాగూ కనిపిస్తాయి కాబట్టి, మళ్లీ ఎప్పుడైనా దగ్గు మొదలైతే రక్తం కోసం ఆగకుండా మొదటి మూడు రోజుల్లోనే స్వాబ్ తీయించండి.